బొమ్మ ముందు నిలబడేదెవరు?

1987లో బరోడా విశ్వవిద్యాలయం లలితకళల విభాగంలో కొందరు యువకులు ‘ప్రశ్నలు, సంభాషణ’ అనే ప్రదర్శన పెట్టారు. వారిలో ఎక్కువమంది తిరువనంతపురం కళాశాలలో బొమ్మలు నేర్చిన మలయాళీలు. ఆ సందర్భంలో వెలువడిన ప్రకటన అనితా దూబే రాసింది. భారత రాడికల్ చిత్రకారుల, శిల్పుల సంఘం వారిదే. 1989 డిసెంబరులో, వారిలో ముఖ్యుడైన శిల్పి కె.పి. కృష్ణకుమార్ ఆత్మహత్య చేసుకున్నాడు. సంఘం చెదిరిపోయింది.

మూడేళ్లయినా నిండని ఈ ప్రయత్నాన్ని కుర్రకారు ఆవేశమని కొట్టివేయడం తేలిక. నేనా పని చేయలేను. ఏది కళ అని అకాడమీలో అడిగితే జవాబు రేఖ గురించీ రంగు గురించీ వస్తుంది. వీరు అడిగిన తీరు వేరు. గ్యాలరీ గోడనూ కొనేవాడి డబ్బునూ విమర్శకుడి యోగ్యతాపత్రాన్నీ తీసేస్తే బొమ్మలో మిగిలేదేమిటి? నాకు అర్థమైనంతలో వారి ప్రశ్న ఇది.

దానికి ముందు, 1981లో, ‘ప్లేస్ ఫర్ పీపుల్’ ప్రదర్శన మనిషినీ అతని కథనూ తిరిగి కాన్వాసు మీదికి తెచ్చింది. అది చిన్న విషయం కాదు. కాని కాన్వాసులోకి వచ్చిన మనిషి కాన్వాసు ఎదుటికి రాలేదు. రాడికల్ యువకుల కోపం అక్కడే. అందులో కొంత అన్యాయమూ ఉంది. భూపేన్ ఖఖర్ గీసిన గడియారాలు బాగుచేసేవాణ్ణి చూసినవాడెవడూ ఆ చిత్రాన్ని ధనికుల ఇంటి అలంకారమని తోసిపుచ్చలేడు.

1989లో సోత్‌బీస్ సంస్థ బొంబాయిలో చిత్రాలు వేలం వేసినప్పుడు ఈ సంఘం దాన్ని బాహాటంగా వ్యతిరేకించింది. వేలంలో కోట్లు పలికితే తప్ప చిత్రకారుడి పేరు పత్రికల మొదటి పేజీకి ఎక్కని ఈ రోజుల్లో ఆ నిరసన పాతబడిందని ఎవరనగలరు?

ఇక అసలు చిక్కు. కృష్ణకుమార్ కంచును కాదని ఫైబర్‌గ్లాసు, ప్లాస్టరు వంటి చవక సరుకుతో మనుషుల్ని మలిచాడు. సరుకు మారింది, ప్రేక్షకుడు మాత్రం మారలేదు. ఇక్కడ నాకు మన ప్రజానాట్యమండలి గుర్తుకొస్తుంది. 1940వ దశకంలో ఆ యువకులు బుర్రకథను చేపట్టినప్పుడు అది కళ అవునా కాదా అని తర్కించుకుంటూ కూర్చోలేదు. ఊళ్లలో వినే జనం అప్పటికే ఉన్నారు, నాజర్ వంటివారు వారికి కొత్త కథ చెప్పారు. శిల్పికి ఆ సదుపాయం లేదు. గుడిలో రాయికి మొక్కుతాం, కూడలిలో విగ్రహానికి దండ వేస్తాం. ఒక బొమ్మ ముందు ఊరికే నిలబడి, దానితో వాదులాడే అలవాటు మన శ్రామిక జనానికి ఎవరు నేర్పారు? (చదువుకున్నవారికి మాత్రం ఉందా?) రెండు మూడేళ్లలో ఒక చిన్న బృందం చేయగల పని కాదది. ఆ పని మొత్తం తమ నెత్తిన వేసుకోవడమే వారి గొప్పతనం. ఆ బరువు తక్కువదేమీ కాదు.

2018లో కొచ్చి బినాలేకు క్యూరేటరు అదే అనితా దూబే. దీన్ని లొంగుబాటు అనడం నాకు సమ్మతం కాదు. వేలమందికి తలుపు తెరిచిన వేదిక అది. అయితే 2014 నుంచి అక్కడ విద్యార్థులకు వేరే ప్రదర్శన కూడా ఉంటున్నది. అందులో బొమ్మలు పెట్టే పిల్లలు 1987 నాటి ఆ ప్రకటన చదివారా? మన హైదరాబాదు, విశాఖ చిత్రకళా విద్యార్థులను కూడా నేను అడగదలచింది అదే.