విప్పకముందే చదవాలి

దరఖాస్తుతో పాటు పత్రాలన్నీ ఒకే జిప్ ఫైలుగా పంపమని వెబ్‌సైట్లు అడగడం మామూలే. వచ్చినదాన్ని సర్వర్‌లో విప్పేసి, ఆ తర్వాత లోపలేముందో చూసుకునే ప్రోగ్రాములూ మామూలే. ఈ వరస తిరగబడాలి. జిప్‌ను విప్పకుండానే అందులో ఏమేం ఉన్నాయో చదవొచ్చు. ఆ వెసులుబాటు దాని పుట్టుకలోనే ఉంది.

1989లో అమెరికాలోని మిల్వాకీకి చెందిన ఫిల్ కాట్జ్ పీకేజిప్ ప్రోగ్రాముతో పాటు ఈ ఫార్మాట్‌ను తెచ్చాడు. వివరాలు దాచుకోకుండా అందరికీ వదిలేశాడు. అందుకే నేడు వర్డ్ డాక్స్ ఫైలు, ఆండ్రాయిడ్ ఏపీకే, ఈపబ్ పుస్తకం అన్నీ లోపల జిప్‌లే. కాట్జ్ తెలివంతా ఫైలు తోకలో కనిపిస్తుంది. ఫైళ్లన్నీ కుదించి వరసగా రాశాక, చివర జాబితా రాస్తారు: ఒక్కోదాని పేరు, అసలు పరిమాణం, కుదించిన పరిమాణం, అది ఎన్నో బైటు దగ్గర మొదలవుతుందో. ఆ జాబితా ఎక్కడుందో చెప్పే ముగింపు రికార్డు, వ్యాఖ్య ఏదీ లేకపోతే, 22 బైట్లే. ఫైలు ఎన్ని గిగాబైట్లున్నా ప్రోగ్రాము తోక పట్టుకుంటే చాలు.

టార్ అనే మరో పాత ఫార్మాట్‌కు ఈ సుఖం లేదు. టేపుల కోసం పుట్టింది కాబట్టి అందులో ప్రతి ఫైలు ముందూ 512 బైట్ల హెడర్ ఉంటుంది, మొత్తానికి కలిపి జాబితా ఉండదు. దాన్ని జీజిప్‌తో కుదిస్తే, పేర్లు తెలుసుకోవడానికి కూడా చివరిదాకా విప్పుకుంటూ పోవాల్సిందే.

జిప్ జాబితాను చదవడానికి పీహెచ్‌పీ భాషలో 5.2 వెర్షన్ నుంచి జిప్‌ఆర్కైవ్ అనే క్లాసు ఉంది. ఓపెన్‌తో ఫైలు తెరవాలి, నమ్‌ఫైల్స్‌లో ఎన్ని అంశాలున్నాయో చూడాలి, సున్నా నుంచి లూప్ తిప్పుతూ స్టాట్‌ఇండెక్స్‌ను అడగాలి. పేరు, పరిమాణం, తేదీ చేతికొస్తాయి. స్లాష్‌తో ముగిసే పేరు ఫోల్డరు. కొత్తవాళ్లు జారిపడేది మొదటి మెట్టు దగ్గరే. తెరవడం కుదరకపోతే ఓపెన్ సాధారణంగా ‘ఫాల్స్’ కాక ఎర్రర్ సంఖ్య ఇస్తుంది. సున్నా కాని సంఖ్య పీహెచ్‌పీ దృష్టిలో నిజమే కాబట్టి ఉత్త ‘ఇఫ్’ మోసపోతుంది. మూడు సమాన చిహ్నాలతో ‘ట్రూ’ అవునో కాదో సరిచూడాలి.

తెలుగు పేర్లున్న ఫైళ్లకు మరో మెలిక. పేరు యూటీఎఫ్-8లో ఉందని చెప్పే ఒక బిట్ జిప్‌లో ఉంటుంది. కుదించిన ప్రోగ్రాము దాన్ని పెట్టకపోతే, చదివే ప్రోగ్రాము పాత డాస్ అక్షరాలుగా భావించి ‘జీతాలు’ను గీతలూ గళ్లూ చేసి చూపే ప్రమాదముంది.

జాబితా చూడటంలో అసలు లాభం భద్రత. పేరులో రెండు చుక్కలు, స్లాష్ ఉంటే, అది తనకిచ్చిన ఫోల్డరు దాటి బయట రాయాలని చూస్తున్నట్టే. కుదించిన పరిమాణం కిలోబైట్లలో, అసలు పరిమాణం గిగాబైట్లలో కనిపిస్తే అనుమానించాలి. అయితే జాబితాలోని అంకెలు రాసింది పంపినవాడే, అబద్ధమూ కావచ్చు. విప్పేటప్పుడు వచ్చే బైట్లను లెక్కపెట్టి, హద్దు దాటగానే ఆపేయాలి. బయటివాళ్లు పంపిన జిప్‌ను తీసుకునే ప్రతి ప్రోగ్రాములోనూ విప్పకముందు జాబితా చూడటం, విప్పేటప్పుడు బైట్లు లెక్కపెట్టడం అనే ఈ రెండు తనిఖీలూ ఉండి తీరాలి. మీదాంట్లో లేకపోతే ఇవాళే పెట్టండి.