ఆంజేల్ బిడ్డ ఎక్కడ?

ఆరుబయట, పచ్చికలో కూర్చుని ఒక స్త్రీ బిడ్డకు పాలిస్తోంది. బెర్త్ మొరిసో 1880 ప్రాంతంలో వేసిన ఈ చిత్రాన్ని మొదటిసారి చూసినప్పుడు తల్లీబిడ్డల బొమ్మే అనుకున్నాను. ఇందులో కొత్తేముంది, మేరీమాత పేరుతో మగ చిత్రకారులు వందల ఏళ్లు వేసిందే కదా! చిత్రం పేరు చదివాక గానీ సంగతి అర్థం కాలేదు. ఆ బిడ్డ జూలీ, చిత్రకారిణి కన్నకూతురు. పాలిస్తున్నది జీతానికి వచ్చిన దాది ఆంజేల్. కన్నతల్లి కాన్వాసుకి ఇవతల తన పనిలో ఉంది.

ఇంప్రెషనిస్టుల ఆరుబయట అంటే మనకు గుర్తొచ్చేవి పడవలు, గొడుగులు, ఆదివారపు షికార్లు. ఇక్కడ మాత్రం ఇద్దరు స్త్రీలూ పనిచేస్తున్నారు. ఒకరి పని సాగాలంటే రెండోవారి పని సాగాలి. లిండా నాక్లిన్ 1988లో ఈ చిత్రం మీద రాసిన వ్యాసంలో ఈ విషయాన్నే పట్టుకుంది. ఆ వ్యాసానికి నేను రుణపడి ఉన్నాను. అయినా నా తగువు ఒకటి మిగిలిపోయింది.

దుస్తుల తెలుపు గడ్డి పచ్చదనంలోకి జారిపోతుంది. రొమ్ము ఎక్కడో, బిడ్డ నోరు ఎక్కడో వెతుక్కోవాలి. ఆంజేల్ ముఖం నాలుగు కుంచె దెబ్బల్లో తేలిపోయింది. 1872లో వేసిన 'ఊయల'లో తన అక్క ఎడ్మా ముఖాన్ని, అందులోని అలసటను మొరిసో ఎంత ఓపికగా చిత్రించిందో చూసినవాళ్లకు ఇది గుచ్చుకుంటుంది. ఆమె కుంచె ఆ తర్వాత అన్ని చిత్రాల్లోనూ వేగం పుంజుకున్న మాట నిజమే, జూలీ ముఖమూ ఇక్కడ స్పష్టంగా లేదు. కాబట్టి ఇది కేవలం వర్గ దృష్టి అని తీర్పు చెప్పలేను. కానీ ఆ వేగం ఎవరిని ముందుగా చెరిపేస్తుందని అడగకుండానూ ఉండలేను.

ఆంజేల్‌కి పాలున్నాయంటే ఆమె కూడా కన్నదే. ఆ బిడ్డ చిత్రంలో లేదు. ఫ్రాన్సులో దాదిపని ఆనాడు పెద్ద వ్యాపారం. పల్లెల నుంచి వచ్చిన స్త్రీలు సొంతబిడ్డల్ని ఊళ్లో వదిలి పారిస్ ఇళ్లలో పాలిచ్చేవారు. 1874లో వచ్చిన రుసెల్ చట్టం, అలా వచ్చే దాది తన బిడ్డకు ఏడు నెలలు నిండాయనో, మరో స్త్రీ పాలిస్తోందనో రుజువు చూపాలంది. చట్టం చేయాల్సి వచ్చిందంటే ఎందరు పసివాళ్లు పాలు లేక పోయి ఉంటారో!

మొరిసో 1895లో చనిపోతే మరణ పత్రంలో 'వృత్తి లేదు' అని రాశారు. ఆ మాట చదివినప్పుడల్లా ఒళ్లు మండుతుంది. ఆ కోపంతోనే మళ్లీ ఈ చిత్రం దగ్గరకు వస్తాను. జూలీకి తల్లి ఉంది, దాది ఉంది, మానే అన్న ఇంటిపేరూ ఉంది. చిత్రం పేరులో ఆంజేల్‌కి ఇంటిపేరు కూడా లేదు.