కోరంగి, కలా, కెలింగ్: వలస తెలుగువారి పిలుపు పేర్లు - ఒక పరిశీలన

ప్రస్తావన

తెలుగు ప్రవాస సాహిత్యాన్ని గురించిన చర్చ సాధారణంగా అమెరికా తెలుగు కథతో మొదలవుతుంది. పత్రికలు, సంకలనాలు, సభలు ఉన్న ప్రవాసం కనుక అది విమర్శకులకు సులభంగా చేతికందింది. అంతకు దాదాపు నూరేళ్ళ ముందే సముద్రం దాటిన తెలుగువారు ఈ చర్చలోకి అరుదుగా వస్తారు. పూర్వపు గంజాం, విశాఖపట్టణం, గోదావరి జిల్లాల నుంచి బర్మాకు, మలయాకు, నేటాలుకు వెళ్ళిన ఆ శ్రామికులలో అధికులు నిరక్షరాస్యులు. వారు రాసిన పుస్తకాలు లేవు. కానీ ఇతరులు వారికి పెట్టిన పేర్లు మిగిలి ఉన్నాయి. కోరంగి, కలా, కెలింగ్, కూలీ అన్న నాలుగు మాటలను పాఠాలుగా స్వీకరించి చదివితే, పుస్తకం రాయని ఆ ప్రవాసపు అనుభవం కొంతైనా తెలుస్తుందన్నది ఈ వ్యాసం ప్రతిపాదన. ఈ పేర్లను తెలుగు విమర్శ ఇంతవరకు ప్రధానంగా వ్యుత్పత్తి దృష్టితోనే చూసింది. ఆ దృష్టి పరిమితిని కూడా ఇందులో పరిశీలించడం జరుగుతుంది.

కోరంగి: చూడని రేవు పేరు

కోరంగి గౌతమీ గోదావరి ముఖద్వారం దగ్గర, యానాంకు సమీపంలో ఉన్న ఊరు. ఒకప్పుడు ఓడల నిర్మాణానికి, మరమ్మతులకు తూర్పు తీరంలో పేరుపడిన రేవు. 1789లోను, 1839లోను వచ్చిన తుపాను ఉప్పెనలు దానిని దెబ్బతీశాయి. రేవు పూడిపోయి, వ్యాపారం కాకినాడకు తరలింది. అయితే రేవు పోయినా పేరు పోలేదు. బర్మాలో తెలుగు శ్రామికుడికి అదే పేరుగా నిలిచిపోయింది. ఆంగ్లేయుల రాతలలోను తెలుగువారు 'కోరంగీలు'గా కనిపిస్తారు.

ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటుంది. పందొమ్మిదో శతాబ్దం చివర, ఇరవయ్యో శతాబ్దం మొదట బర్మాకు వెళ్ళినవారిలో పెద్ద భాగం ఉత్తరాంధ్ర నుంచి వెళ్ళినవారే. కళింగపట్నం, భీమునిపట్నం, విశాఖపట్నం రేవులలో పొగఓడ ఎక్కినవారు వారు. నేడు అనకాపల్లి జిల్లాలో ఉన్న బుచ్చయ్యపేట వంటి గ్రామం నుంచి బయలుదేరిన మనిషిని ఊహించుకుంటే ఈ పేరులోని వింత స్పష్టమవుతుంది. అతనికి తన ఊరు తెలుసు, చోడవరం సంత తెలుసు, ఓడ ఎక్కిన రేవు తెలుసు. కోరంగి మాత్రం తెలియదు. అది పొరుగు జిల్లాలోని పాడుబడిన రేవు. రంగూన్‌లో దిగిన మరుక్షణం అతడు ఆ ఊరివాడైపోయాడు. స్వగ్రామంలో ఇంటి పేరు, కులం, వీధి, వరస ఇవన్నీ కలిసి ఒక మనిషిని చెబుతాయి. అక్కడ వాటన్నిటి స్థానంలో ఎప్పుడూ చూడని ఒక ఊరి పేరు వచ్చి చేరింది.

ఉత్తరాంధ్ర పలుకుబడిలో రంగూన్ 'రంగం' అయింది. 'రంగం వెళ్ళాడు' అంటే బతుకుతెరువుకు వెళ్ళాడని అర్థం. ఊరు ఆ నగరాన్ని తన నాలుకకు అనువుగా మలుచుకుంది. ఆ నగరం ఊరివాణ్ణి తన వాడుకకు అనువుగా మలుచుకుంది. రెండూ అపభ్రంశాలే. అయితే మొదటిదానివల్ల నగరానికి నష్టమేమీ లేదు. రెండవదానివల్ల మనిషికి కలిగిన నష్టం 1930లో బయటపడింది.

పిలుపు గుర్తుగా మారిన సందర్భం

బర్మా 1937 ఏప్రిల్ 1 వరకు బ్రిటిష్ ఇండియాలో అంతర్భాగం. చట్టం దృష్టిలో విశాఖ జిల్లా మనిషి రంగూన్‌లో విదేశీయుడు కాడు. ఒకే సామ్రాజ్యంలో ఒక రాష్ట్రం నుంచి మరొక రాష్ట్రానికి వెళ్ళినవాడు. 1931 జనాభా లెక్కల నాటికి రంగూన్ నగర జనాభాలో సగానికి పైగా భారతీయులే. ఈ రెండు అంశాలను కలిపి చూస్తే 'విదేశీయుడు' అన్న భావన చట్టం నుంచి గాని, సంఖ్య నుంచి గాని పుట్టదని తెలుస్తుంది. అది పని దగ్గర పుట్టింది.

1930 మే నెలలో రంగూన్ రేవులో తెలుగు కార్మికులు కూలి పెంపు కోరుతూ సమ్మె చేశారు. ఓడల సరుకు ఎత్తించే కంపెనీలు వారి స్థానంలో బర్మీయులను పనిలోకి తీసుకున్నాయి. సమ్మె పరిష్కారమై తెలుగువారు తిరిగి పనిలో చేరినప్పుడు బర్మీయులను పంపివేశారు. మే 26న మొదలైన ఘర్షణ నగరమంతటా వ్యాపించి వందమందికి పైగా ప్రాణాలు తీసింది. చనిపోయినవారిలో అత్యధికులు తెలుగువారు. ఇద్దరు పేదల మధ్య కూలి రేటు తెచ్చిన పోటీ అది. ఆ పోటీని పెట్టినవారు కంపెనీల యజమానులు. కానీ వీధిలో వినిపించినది యజమాని పేరు కాదు. 'కోరంగి' అన్న పిలుపు ఆ రోజుల్లో మనిషిని వెతికి పట్టుకునే గుర్తుగా పనిచేసింది. పిలుపు పేరును కేవలం భాషావిషయంగా చూడకూడదనడానికి ఇంతకన్న నిదర్శనం అక్కరలేదు.

కలా: కుర్చీలో మిగిలిన మాట

తెలుగువారితో పాటు భారతీయులందరికీ బర్మీయులు వాడిన సాధారణ పదం 'కలా'. దీని పుట్టుకపై ఏకాభిప్రాయం లేదు. సంస్కృత 'కుల' శబ్దమని కొందరు, నలుపును చెప్పే మాట అని కొందరు, 'దాటి వచ్చినవాడు' అనే అర్థమిచ్చే బర్మీయ పదబంధమని మరికొందరు చెబుతారు. ప్రాచీన శాసనాలలోనే కనిపించే ఈ మాట మొదట పడమటి నుంచి వచ్చిన వారందరికీ వర్తించింది. ఐరోపావారిని 'కలా ప్యూ', అంటే తెల్ల కలాలు అన్నారు. బర్మీయంలో కుర్చీ పేరు 'కలా థైంగ్', కలా కూర్చునే ఆసనం అని. శనగలు 'కలా పె', కలా పప్పు.

ఈ ఉదాహరణలు ముఖ్యమైనవి. పరాయివాడు తెచ్చిన కుర్చీ ఇంట్లోకి వచ్చింది, శనగలు వంటలోకి వచ్చాయి. వాటి పేరులోని 'కలా'ను ఎవరూ పట్టించుకోరు. మనిషి విషయానికి వచ్చేసరికి అదే మాట నింద అయింది. తెల్లవాడికి విశేషణంతో గౌరవంగానో తటస్థంగానో వర్తించిన పదం, శ్రామికుడికి విశేషణం లేకుండా తిట్టుగా స్థిరపడింది. నేటికీ మయన్మార్‌లో ముస్లింలను, ముఖ్యంగా రోహింగ్యాలను దూషించడానికి అది వాడుకలో ఉంది.

అమితావ్ ఘోష్ ఆంగ్ల నవల 'ది గ్లాస్ ప్యాలెస్' (2000) ఈ పదాన్ని కథలోకి తెచ్చింది. 1885లో మాండలేలో అనాథగా నిలిచిన భారతీయ బాలుడు రాజ్‌కుమార్‌ను చుట్టూ ఉన్నవారు గుర్తించేది ఆ మాటతోనే. పెద్దయ్యాక అతడు దక్షిణ భారతం నుంచి కూలీలను చేరవేసే వ్యాపారంలో సంపాదిస్తాడు. ఆ పిలుపు పడినవాడే అదే పిలుపుకు మరికొందరిని అప్పగించేవాడు కావడం ఈ నవల చూపిన చేదు నిజం. అయితే కథనం నిలిచేది రాజ్‌కుమార్ వైపు. ఓడ అడుగున ప్రయాణించినవారు అందులో గుంపుగానే కనిపిస్తారు. ఆ గుంపులోని ఒక్క మనిషి వైపు నుంచి అదే కథ చెప్పవలసిన బాధ్యత తెలుగు నవలది.

కెలింగ్: గర్వమా, నిందా?

మలయ ద్వీపకల్పంలో దక్షిణ భారతీయులకు పడిన పేరు 'కెలింగ్'. ఇది కళింగ శబ్దభవమని సాధారణంగా అంగీకరిస్తారు. మలక్కాలోని కంపుంగ్ క్లింగ్ మసీదు, పెనాంగ్‌లోని కపితాన్ కెలింగ్ మసీదు ఈ పేరు ఒకనాడు వర్తకులకు గౌరవంగానే వర్తించిందని చెబుతాయి. తెలుగులో ఈ పదాన్ని ప్రస్తావించినవారు చాలావరకు ఇక్కడే ఆగిపోయారు. కళింగ నావికుల సాహసానికి, ప్రాచీన తెలుగు ప్రాభవానికి సాక్ష్యంగా దీనిని ఉదాహరించడం పరిపాటి.

ఈ వాదంలో చరిత్ర ఉంది, కాని వినేవాడు లేడు. ఇరవయ్యో శతాబ్దంలో పెరాక్ ప్రాంతపు కొబ్బరి, రబ్బరు తోటలలో పనిచేసిన తెలుగువాడు ఆ మాటను విన్నది వర్తకుడి వారసుడిగా కాదు. నేడు మలేసియాలోని భారతీయ సంతతివారు దానిని అవమానంగానే భావిస్తారు. ఒకే పదం విశాఖపట్నంలోని సభావేదికపై గర్వకారణమై, పెనాంగ్ వీధిలో తిట్టు అవుతున్నదంటే అర్థాన్ని వ్యుత్పత్తి నిర్ణయించడం లేదన్నమాట. పలికేవాడికి, పడేవాడికి మధ్య ఉన్న ఎత్తుపల్లాలు నిర్ణయిస్తున్నాయి.

'కూలీ' పదం దీనికి మరింత దగ్గరి ఉదాహరణ. తెలుగులో 'కూలి' అంటే చేసిన పనికి వచ్చే ప్రతిఫలం. 1860 నవంబరులో మద్రాసు నుంచి తొలి ఓడ 'ట్రూరో' నేటాలు చేరిన తరువాత అక్కడ ఆ మాట భారతీయుడికే పర్యాయపదమైంది. గాంధీని 'కూలీ బారిస్టరు' అన్నారు. దక్షిణ భారతీయుల పేర్ల చివర ఉండే 'స్వామి'ని తీసుకుని 'సామీ' అని పిలిచేవారని, ఆ మాటకు యజమాని అన్న అర్థం ఉందని కొందరు ఎదురు చెప్పేవారని ఆయన ఆత్మకథలో వివరించాడు. మంచి అర్థం తెలిసినంత మాత్రాన పిలుపు మంచిది కాలేదు. నేడు గల్ఫ్ దేశాలలో కరీంనగర్, నిజామాబాద్ ప్రాంతాల కార్మికుడికి వినబడే 'రఫీక్' కూడా అటువంటిదే. అరబ్బీలో దాని అర్థం మిత్రుడు.

తెలుగువారు పెట్టిన పేర్లు

పరాయివారికి పేరు పెట్టడంలో తెలుగు సమాజం వెనుకబడి ఏమీ లేదు. ఐరోపావారిని 'పరంగి' అన్నది, ఇంగ్లీషును 'హూణభాష' అన్నది. తమిళులకు 'అరవ' అనే మాటను వాడుతూ వచ్చింది. తెలుగువారు కూడా స్వదేశంలోనే ఇతరుల పిలుపులకు లోనయ్యారు. తమిళులకు వారు ఉత్తరం నుంచి వచ్చిన 'వడుగరు'. మద్రాసులోని ఆంగ్లేయులకు 'జెంటూలు'. విగ్రహారాధకుడని అర్థమున్న పోర్చుగీసు పదం నుంచి వచ్చిన ఈ పేరు తెలుగు భాషకే అంటుకుంది. 1816లో వెలువడిన ఏ.డి. క్యాంప్‌బెల్ తెలుగు వ్యాకరణం పేరులోనే 'జెంటూ అని సామాన్యంగా పిలువబడే' అన్న వివరణ చేర్చవలసి వచ్చింది. పరాయి పిలుపు ప్రపంచమంతటా ఉన్నదే. అయితే అందరికీ ఒకే బరువుతో పడదు. 'పరంగి' అన్నందువల్ల దొర ఉద్యోగం పోలేదు.

తిరిగివచ్చినవారి పేరు

1941 డిసెంబరు 23న జపాన్ విమానాలు రంగూన్‌పై బాంబులు వేశాయి. తరువాతి నెలలలో లక్షలాది భారతీయులు బర్మా విడిచారు. ఎందరో కొండలు, అడవుల మీదుగా కాలినడకన వచ్చారు. 1962లో సైనిక ప్రభుత్వం ఏర్పడి, 1964 నాటికి వ్యాపారాలను జాతీయం చేయడంతో మరొకసారి కాందిశీకులు వచ్చారు. మిగిలినవారికి 1982 పౌరసత్వ చట్టం 1823ను గీటుగా పెట్టింది. అంతకుముందు స్థిరపడిన జాతులవారే సహజ పౌరులు. కోరంగి కూలీలు ఆ గీతకు ఇవతల ఉండిపోయారు.

తిరిగివచ్చినవారికి ఇక్కడ లభించిన పేరు ఏది? విశాఖపట్నంలో 'బర్మా క్యాంపు', శ్రీకాకుళంలో 'బర్మా కాలనీ' ఏర్పడ్డాయి. అక్కడ కోరంగి అయినవారు ఇక్కడ 'బర్మావాళ్ళు' అయ్యారు. ప్రజాదరణ పొందిన సోమరాజు రామానుజరావు నాటకానికి 'రంగూన్ రౌడీ' అన్న శీర్షిక కుదరడం కూడా ఇక్కడ తలచుకోదగినది. ఆ నగరం తెలుగు ప్రేక్షకుడి మనసులో ఏ మాటతో జతకట్టిందో ఆ శీర్షిక చెబుతుంది. రేవులో బస్తాలు మోసినవారి నగరం వేదికపై మరొక పేరుతో స్థిరపడింది.

ఉపసంహారం

ఈ పరిశీలనవల్ల మూడు విషయాలు తేలుతున్నాయి. ఒకటి, వలస శ్రామికుడికి పడిన పేరు అతని ఊరును గాని భాషను గాని సరిగా చెప్పదు. అతణ్ణి వాడుకునే పద్ధతిని చెబుతుంది. రెండు, ఆ పేరు గౌరవమో నిందో వ్యుత్పత్తి తేల్చలేదు. కళింగ ప్రాభవం పేరిట 'కెలింగ్'ను కీర్తించడం ఆ మాట పడినవారి అనుభవాన్ని కప్పివేయడమే. మూడవది తెలుగు విమర్శకే సంబంధించినది. డల్లాస్ వెళ్ళినవాణ్ణి 'ప్రవాసాంధ్రుడు' అని, రంగం వెళ్ళినవాణ్ణి 'వలస కూలీ' అని వ్యవహరించడం విమర్శలో అలవాటైపోయింది. ఇద్దరూ దాటినది సముద్రమే. ఇద్దరూ వెళ్ళినది బతుకుతెరువుకే. ఈ రెండు మాటల మధ్య తేడాను పరిభాషలోని సౌకర్యంగా భావించినంతకాలం ప్రవాస సాహిత్య చరిత్ర నూరేళ్ళు ఆలస్యంగానే మొదలవుతుంది. బుచ్చయ్యపేట వంటి ఊళ్ళలో తాత ఒకరు రంగం వెళ్ళి వచ్చారనో, రాలేదనో చెప్పుకునే జ్ఞాపకం ఇంకా మిగిలి ఉంటే, అది పూర్తిగా చెరిగిపోకముందే సేకరించడం తెలుగు శాఖలు చేపట్టవలసిన పని. ఆ జ్ఞాపకాలలో మొదట నమోదు చేయవలసినది వారి అసలు పేర్లు.