పళ్లెములో రెండు చామంతులు

గతవారము మా మనుమరాలు హైదరాబాదునుండి వచ్చి, సీసపు దిమ్మెపై ఇత్తడి ముళ్లు గ్రుచ్చిన చిన్న పీట నొకదానిని నీటిపళ్లెములో నుంచి, మా పెరటి నందివర్ధనపు కొమ్మకు ముక్కాలుమువ్వీసము ఆకులు దూసివైచి, దానిని, రెండు చామంతులను ఆ ముళ్లపై నిలిపి, అరగంటసేపు రెప్పవాల్చక చూచి, "అయిపోయింది తాతయ్యా" అన్నప్పుడు, కడియము స్టేషనులో పాసెంజరు బండి కెక్కిన పూలగంపల నడుమ ఒదిగి కూర్చుండి సామర్లకోట చేరుచు పెరిగిన నాకు, ఆ పిసినారితనము చూచి ఒళ్లు మండినది.

ఇది ఇకెబనాయట. క్యోటోలోని రొక్కకుదో ఆలయమున ఇకెనొబొ అర్చకుల బుద్ధపూజలో పెరిగిన విద్య. 1462 నాటి యొక దినచర్యలోనే సెంకేయి అను అర్చకుని పుష్పరచన ప్రసక్తి కలదు. వెడల్పాటి పళ్లెమున పూలమర్చు పద్ధతి తరువాతి కాలమున ఒహారా ఉన్షిన్ తెచ్చినది. ఆ సంప్రదాయమునకు హైదరాబాదులో శాఖయు నున్నది. ఇంతవరకు బాగే. కాని ముళ్లపీట పేరు కెంజాన్, అనగా కత్తుల కొండ! 'పుష్పవిలాపము' విని కంటతడి పెట్టిన తరమువాడను, పూవులకు అంపశయ్య పరచుట చూచి ఊరకుందునా? దండకు సూదీ దారము తగవు, అరటినారయే తగునని నేను సాధించు సంగతి ఈ శీర్షిక చదువువారికి కంఠస్థమే. విసిగి ఉత్తరములు వ్రాసినవారును కలరు.

కార్తికమాసమున మా అమ్మమ్మ తెల్లవారుజాముననే తడినార తొడపై పరచుకొని, రెండేసి పూలు ఎదురెదురుగా చేర్చి, నడుమ మరువపురెమ్మ నుంచి, ఒక్క పువ్వునైనను గ్రుచ్చక ముడివేయుచుండెడిది. చాళుక్యభీముడు కట్టించిన కుమారారామమున పదునాలుగడుగుల భీమేశ్వరలింగము క్రింది అంతస్తును దాటి పైకి వచ్చుటచే పూజ మేడమీద జరుగును. ఆ మెట్లెక్కుచు, దండ మోయు గౌరవము నాదే యైనను, గంపలో సగము పూలు ఇంటనే మిగిలిపోయినవని నేను గునియుచుండెడివాడను. "కుక్కేస్తే ఎలారా? మధ్యలో గాలాడొద్దూ? సాయంత్రానికే నల్లబడిపోతాయి" అనెడిది.

ఈ కథ మనుమరాలిని మందలించుటకే మొదలిడితిని. గాలి అను మాటవద్ద నా చూపు పళ్లెముపై పడి, కొమ్మకును చామంతులకును నడుమనున్న చోటునందు చిక్కుకొనెను. మిగిలిన కథ చెప్పలేదు.

ఆ రాత్రి అందరును నిద్రించిన పిమ్మట మంచినీళ్లకై లేచి, ఆకు ఒకటి చామంతి మొగమునకు అడ్డముగా నున్నదని తోచి త్రుంచితిని. తెల్లవారి మనుమరాలు, "దీన్నెవరు ముట్టుకున్నారండీ?" అని ఇల్లంతయు అడిగి, వచ్చి పళ్లెము ముందు కూర్చుండి, చాలసేపు చూచి, మరియొక ఆకు త్రుంచినది.