రెండు వైద్యాలు, ఒకే కొలబద్ద

జగిత్యాల, కోరుట్ల పరిసరాలలో పసుపు ముఖ్యమైన వాణిజ్య పంట. సిరిసిల్లలో ఎన్నో కుటుంబాలకు మరమగ్గమే జీవనాధారం. పసుపు తవ్వే చేతికైనా, తెగిన పోగును అతికే చేతికైనా వణుకు వచ్చినదంటే ఆ ఇంటికి అది చిన్న సంగతి కాదు. అప్పుడు వారి ముందు రెండు దారులు ఉంటాయి. ఒకటి ఆసుపత్రి దారి, రెండవది మూలికల దారి. "రెండింటినీ కలిపి వైద్యం చేస్తాను" అనే వైద్యుడు కనిపిస్తే మనసు అటే మొగ్గుతుంది. ఇది సహజమే. పెద్దలనాటి వైద్యం మీద గౌరవమూ, నేటి వైద్యం మీద నమ్మకమూ రెండూ మనకు ఉన్నవి గదా!

కాని కలిపినంత మాత్రాన రెండు బలాలూ కలుస్తాయనే నియమం లేదు. రెండు లోపాలూ కలవవచ్చును. మెదడు జబ్బుల విషయంలో రెండు వైద్యాలను దగ్గరకు తేవడానికి జరిగిన ఒక గట్టి ప్రయత్నాన్ని తీసుకొని, అందులో పరీక్షకు నిలిచినది ఏది, నిలవనిది ఏది అని పరిశీలించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

తెలుగువారికి ఈ కోరిక కొత్తది కాదు. ఆచంట లక్ష్మీపతిగారు (1880-1962) మద్రాసులో పాశ్చాత్య వైద్యం చదివి పట్టభద్రులైనారు. పిమ్మట పండిత డి. గోపాలాచార్యులుగారి వద్ద ఆయుర్వేదం అభ్యసించారు. యల్లాప్రగడ సుబ్బారావుగారు యౌవనంలో స్ప్రూ అనే పేగుల జబ్బుతో బాధపడినప్పుడు చికిత్స చేసినది లక్ష్మీపతిగారే. సుబ్బారావుగారు కోలుకొని, మద్రాసు ఆయుర్వేద కళాశాలలో శరీర నిర్మాణ శాస్త్రం బోధించి, 1923లో అమెరికా వెళ్ళారు. 1945లో లెడర్లీ ప్రయోగశాలలో వారి నాయకత్వాన ఫోలిక్ ఆమ్లం కృత్రిమంగా తయారైనది. స్ప్రూలో కలిగే రక్తహీనతకు అది మందుగా ఉపయోగపడినది. ఒక రోగి కోలుకోవడం ఒక ప్రాణాన్ని నిలిపినది. కాని అదే జబ్బుతో ఉన్న వేరొకరికి ఏ పదార్థం, ఎంత మోతాదులో ఇవ్వాలో చెప్పగలిగినది ప్రయోగశాలలో జరిగిన కొలతే.

ఆ తరంవారి పెద్ద చర్చ వేరు. మద్రాసు ప్రభుత్వం 1921లో ఉస్మాన్ సంఘాన్ని నియమించినది. ఆ సంఘం నివేదిక 1923లో వచ్చినది. దేశీయ వైద్యాలు శాస్త్రీయమా, కాదా అన్న ప్రశ్న చుట్టూ వాదాలు సాగినవి. గౌరవం కోసం జరిగిన ఆ పోరాటం అవసరమైనదే. అయితే ఒక వైద్య విధానమంతటికీ కలిపి "అవును" అనిగాని "కాదు" అనిగాని జవాబు చెప్పలేము. ఈ గింజ, ఈ జబ్బుకు, ఈ మోతాదులో పనిచేస్తుందా అని అడిగితే జవాబు చెప్పవచ్చును.

ఈ రెండవ విధమైన ప్రశ్నను చేపట్టినవారిలో బాల వి. మాన్యంగారు ఒకరు. అమెరికాలోని సదరన్ ఇల్లినాయ్ విశ్వవిద్యాలయ వైద్య పాఠశాలలో పనిచేసిన నాడీ వైద్య నిపుణుడాయన. మెదడులోని కొన్ని భాగాలలో సున్నం పేరుకొనే ఫార్ వ్యాధిని గురించి వారు చేసిన పరిశీలనలు నాడీ వైద్యులకు సుపరిచితాలు. ఆయన 1990లో ప్రచురించిన చిన్న వ్యాసంలో ఒక ముఖ్యమైన మాట చెప్పారు. పార్కిన్‌సన్ వ్యాధిని పోలిన జబ్బు ఆయుర్వేదంలో కంపవాతమనే పేరుతో ఉన్నదనీ, దానికి దూలగొండి గింజలు వాడేవారనీ, ఆ గింజలలో లెవోడోపా ఉన్నదనీ ఆ వ్యాసం సారాంశం.

ఈ మాట విలువ తెలియాలంటే ముందు జబ్బును గురించి కొంత తెలియాలి. ఇంగ్లండులో జేమ్స్ పార్కిన్‌సన్ 1817లో దీనిని వర్ణించాడు. చేయి ఊరక ఉన్నప్పుడు వణకడం, కండరాలు బిగుసుకోవడం, కదలిక మందగించడం దీని ముఖ్య లక్షణాలు. మెదడు కాండంలో నల్లగా కనిపించే ఒక భాగం ఉన్నది. అక్కడి కణాలు డోపమైన్ అనే రసాయనాన్ని తయారుచేస్తాయి. ఆ కణాలు క్రమంగా నశించడంవల్ల డోపమైన్ తగ్గిపోతుంది.

స్వీడన్ శాస్త్రజ్ఞుడు ఆర్విడ్ కార్ల్‌సన్ 1957లో కుందేళ్ళకు రిసర్పిన్ ఇచ్చి వాటిని కదలకుండా చేశాడు. పిమ్మట డోపా ఇవ్వగా అవి మళ్ళీ కదిలినవి. ఆ రిసర్పిన్ మన సర్పగంధ వేరునుంచి తీసిన పదార్థమేనని విద్యార్థులు గుర్తుంచుకోవలెను. పార్కిన్‌సన్ రోగుల మెదడులో డోపమైన్ లోపించినదని 1960లో వియన్నా శాస్త్రజ్ఞులు కనుగొన్నారు. డోపమైన్‌ను తిన్నగా మందుగా ఇస్తే అది రక్తంనుంచి మెదడులోకి చేరదు. లెవోడోపా చేరుతుంది, అక్కడ డోపమైన్‌గా మారుతుంది. 1967లో కోట్జియాస్ అనే వైద్యుడు మోతాదును మెల్లమెల్లగా పెంచుతూ డోపాతో రోగులను నడిపించగలిగాడు.

మరి దూలగొండి మాట? తుప్పలమీద పాకే ఈ తీగ కాయల నూగు తగిలితే పుట్టే దురద మన పల్లె పిల్లలకు తెలిసినదే. దామోదరన్, రామస్వామి అనే శాస్త్రజ్ఞులు 1937లోనే మద్రాసులో ఈ గింజలనుంచి లెవోడోపాను వేరుచేశారు. అది మెదడు జబ్బుకు మందు అని ప్రపంచానికి తెలిసినది ఆ తరువాత 30 ఏళ్ళకు. రసాయనం ఒక గ్రంథాలయంలో ఉన్నది, కంపవాతం వర్ణన మరొక గ్రంథంలో ఉన్నది. రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడగలిగిన చూపు మాన్యంగారిది. రెండు వైద్యాలూ తెలిసినందువల్ల కలిగిన నిజమైన లాభం ఇదే.

ఇక లోపాలు. మొదటిది, కంపవాతమూ పార్కిన్‌సన్ వ్యాధీ ఒకటే అని పూర్తిగా అనడానికి వీలులేదు. వణుకు అనేక కారణాలవల్ల వస్తుంది. వంశపారంపర్యంగా వచ్చే వణుకు ఉన్నది. థైరాయిడ్ గ్రంథి అతిగా పనిచేయడంవల్ల వచ్చేది ఉన్నది. కొన్ని మందులవల్ల వచ్చేదీ ఉన్నది. పాత గ్రంథంలోని ఒక పేరును నేటి జబ్బు పేరుతో సరిపెట్టేటప్పుడు అది ఊహ అని చెప్పుకోవలెను. ఆ ఊహ పరిశోధనకు ప్రారంభం మాత్రమే.

రెండవది పరీక్షల సంగతి. దూలగొండి పొడిని 60 మంది రోగులకు 12 వారాలు ఇచ్చి చూసిన ఫలితాలు 1995లో వెలువడినవి. రోగులలో మెరుగు కనిపించినది. కాని పోల్చి చూడడానికి మందు తీసుకోని మరొక జట్టు అందులో లేదు. మందు తీసుకొంటున్నామన్న నమ్మకమే ఈ జబ్బులో కొంత మెరుగు కలిగిస్తుంది కనుక ఆ ఫలితాన్ని ముగింపుగా తీసుకోరాదు. 2004లో లండన్‌లో జరిగిన పరీక్ష ఇంతకంటె కట్టుదిట్టమైనది. ఏది గింజల పొడి, ఏది మాత్ర అన్న సంగతి రోగికీ, పరీక్షించే వైద్యునికీ తెలియనివ్వలేదు. 30 గ్రాముల పొడి సుమారు 35 నిమిషాలలో పనిచేయడం మొదలుపెట్టగా, మాత్ర సుమారు 69 నిమిషాలు తీసుకొన్నది. ఇది ఆశ కలిగించే ఫలితం. కాని అందులో పాల్గొన్న రోగులు 8 మంది మాత్రమే.

బొలీవియాలో 14 మంది రోగులతో 16 వారాలు సాగిన మరొక పరీక్ష ఫలితాలు 2018లో వచ్చినవి. పొడిని మానకుండా వాడగలిగినవారికి అది మాత్రవలెనే పనిచేసినది. అయితే సగంమంది కడుపులో వికారంవల్లగాని, కదలిక క్షీణించడంవల్లగాని దానిని మధ్యలోనే మానివేశారు. మాత్రలో లెవోడోపాతోపాటు కార్బిడోపా అనే పదార్థాన్ని కలుపుతారు. లెవోడోపా మెదడు చేరకముందే దారిలో ఖర్చుకాకుండా అది కాపాడుతుంది; వికారాన్ని తగ్గిస్తుంది. గింజలలో అది లేదు. పైగా ఒక తీగ గింజలకూ మరొక తీగ గింజలకూ లెవోడోపా పాలు ఒకటిగా ఉండదు.

కనుక మాన్యంగారు చూపిన దారిపై మన తీర్పు ఇది. గింజలో మందు ఉన్నదన్న మాట రుజువైనది. మాత్రకంటె గింజ మేలన్న మాట రుజువు కాలేదు. మాత్ర కొనలేని పేద దేశాలలో గింజకు స్థానం ఉన్నదా అన్న పరిశోధన సాగదగినది. ఇంత స్పష్టంగా "ఇంతవరకు అవును, ఇక్కడనుంచి కాదు" అని చెప్పగలగడమే ఆ కృషికి దక్కిన గౌరవం. కొలతకు లొంగని వాదాన్ని గురించి ఇలా చెప్పడం సాధ్యం కాదు.

ఇదే కొలబద్దతో మన కోరుట్ల పసుపును కూడ చూద్దాం. పసుపు మతిమరుపును పోగొడుతుందని ప్రకటనలు చెబుతున్నవి. పసుపులోని కర్కుమిన్ ప్రయోగశాల ఎలుకలలో మంచి ఫలితాలు చూపినమాట నిజమే. కాని పసుపులో కర్కుమిన్ నూటికి సుమారు 3 పాళ్ళు మాత్రమే. తిన్నదానిలో రక్తంలోకి చేరేది అత్యల్పం. అల్జీమర్స్ రోగులపై జరిపిన పరీక్షలలో, 2008లో హాంకాంగ్‌లో 34 మందితో జరిగినదిగాని, 2012లో అమెరికాలో 36 మందితో జరిగినదిగాని మేలు చూపలేదు. 2018లో అమెరికాలోనే మతిమరుపు జబ్బు లేని 40 మందికి, రక్తంలోకి సులువుగా చేరేటట్లు ప్రత్యేకంగా తయారుచేసిన కర్కుమిన్‌ను 18 నెలలు ఇచ్చినప్పుడు జ్ఞాపకశక్తి కొంత మెరుగుపడినది. ఇది మళ్ళీ పరీక్షించదగిన ఫలితమే గాని, కూరలోని చిటికెడు పసుపుకు సాక్ష్యం కాదు. పేరున్న పసుపుకు రుజువు తక్కువ. దురద పుట్టించే దూలగొండికి రుజువు ఎక్కువ. కీర్తికీ రుజువుకూ సంబంధం లేదనడానికి ఇంతకంటె మంచి ఉదాహరణ దొరకదు.

మూలిక గదా, మేలు చేయకపోతే కీడైనా చేయదనే మాట కూడ నిలవదు. బంగ్లాదేశ్‌లో రంగు మెరవడానికి పసుపు కొమ్ములకు సీసపు క్రోమేట్ పూసేవారని 2019లో వెల్లడైనది. సీసం పిల్లల మెదడుకు విషం. అంటే మెదడుకు మేలని తిన్న పదార్థమే మెదడును దెబ్బతీయగలదు. అమెరికాలోని బోస్టన్ అంగళ్ళలో కొన్న 70 ఆయుర్వేద మందులను పరీక్షించగా 14 మందులలో సీసం, పాదరసం, ఆర్సెనిక్ వంటివి ఉన్నట్లు 2004లో తేలినది. మిగిలిన 56 మందులలో అవి కనిపించలేదన్నది కూడ గమనించవలెను. ఏ సీసా ఏ కోవకు చెందుతుందో కంటితో చూసి చెప్పలేము. అందుకే పరీక్ష కావాలి.

అసలు ప్రమాదం ఇంకొకటి ఉన్నది. మూలిక దొరికినదని పాత మందును ఒక్కసారిగా ఆపివేయడం. లెవోడోపాను హఠాత్తుగా మానితే తీవ్రమైన జ్వరం, ఒళ్ళంతా బిగుసుకుపోవడం కలిగి ప్రాణాపాయం రావచ్చును. మూర్ఛ మాత్రలు అకస్మాత్తుగా ఆపితే మూర్ఛలు ఆగకుండా వస్తాయి. పక్షవాతం సంగతి మరీ తొందరది. రక్తం గడ్డకట్టడంవల్ల వచ్చిన పక్షవాతంలో ఆ గడ్డను కరిగించే ఇంజక్షను సాధారణంగా నాలుగున్నర గంటలలోపు పడాలి. అంతకుముందే తలను స్కాను తీసి, అది రక్తస్రావం కాదని తేల్చుకోవాలి. పసరు పోయించడానికి పక్క ఊరికి వెళ్ళి వచ్చేసరికి ఆ గడియ దాటిపోతుంది. ఆ తరువాత ఏ వైద్యాన్ని ఏ వైద్యంతో కలిపినా పోయిన మెదడు కణాలు తిరిగిరావు.

జగిత్యాలలో 2022లోను, సిరిసిల్లలో 2023లోను ప్రభుత్వ వైద్య కళాశాలలు ప్రారంభమైనవి. వణుకుతోగాని, మూర్ఛతోగాని వచ్చే రోగి ఇంతకుముందు ఏ మూలిక వాడినాడో, ఎంతకాలం వాడినాడో, ఏ మాత్ర ఎప్పుడు మానినాడో కసరక అడిగి, ఓపికగా రాసిపెట్టే అలవాటు ఇటువంటి చోట్ల స్థిరపడితే, మన ప్రాంతపు మూలికలను గురించి పది సంవత్సరాలలో వాదాలకు బదులు లెక్కలు చేతికి వస్తాయి. రోగిని కసిరితే అతడు నిజం దాచుతాడు. దాచిన నిజం వైద్యునికీ, శాస్త్రానికీ కూడ నష్టమే.

ఉపాధ్యాయులు తరగతిలో చేయించదగిన పని ఒకటి ఉన్నది. మెదడుకు మందు అనే ప్రకటనను ఏదైనా తెచ్చి, విద్యార్థులచేత నాలుగు ప్రశ్నలు వేయించవలెను. ఏ జబ్బుకు? ఎంత మోతాదు? ఎవరితో పోల్చి చూశారు? కీడు చేసినప్పుడు లెక్క ఎవరు రాశారు? ఈ నాలుగు ప్రశ్నలూ ఆయుర్వేదపు సీసాకూ, ఆసుపత్రి మాత్రకూ ఒకే విధంగా వర్తిస్తాయి. జవాబు చెప్పలేని మందు ఏ వైద్యానిదైనా ఇంకా మందు కాలేదన్నమాట. దూలగొండి గింజను మాత్రం పిల్లలు నోట పెట్టుకోకుండా చూడవలెను. దానిలో మందు ఉన్నదని తెలిసినది గనుకనే ఆ జాగ్రత్త.