బోర్లించి చూడాల్సిన ఆంప్లిఫయర్

వాల్వు ఆంప్లిఫయర్‌ని ఫొటో తీసేవాళ్లందరూ పైభాగమే తీస్తారు. గాజు బుడ్లు, వాటిలో నారింజ రంగు వెలుగు, తళతళలాడే ఛాసిస్. ముచ్చటగానే ఉంటుంది, కాదనను. కానీ పనితనం తెలియాలంటే దాన్ని బోర్లించాలి, అడుగు రేకు మరలు విప్పాలి. అలా విప్పి చూడదగ్గ వాటిలో నాకు అన్నిటికంటే ఇష్టమైనది డైనాకో స్టీరియో 70. 1959లో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో పుట్టింది. డేవిడ్ హాఫ్లర్ పెట్టిన కంపెనీ, డిజైన్‌లో ఆయనతో పాటు ఎడ్ లారెంట్. ఛానల్‌కి 35 వాట్లు. వంద డాలర్ల లోపు ధరకే కిట్టుగా దొరికేది. మూడు లక్షలకు పైగా అమ్ముడయ్యాయని చెబుతారు. అందుకే అక్కడ స్థిరపడ్డ మనవాళ్లకి ఇప్పటికీ ఏ గరాజ్ సేల్‌లోనో, ఎవరి బేస్‌మెంట్‌లోనో దుమ్ము పట్టి ఎదురవుతూ ఉంటుంది.

కిట్టుగా అమ్మడమే ఈ డిజైన్‌కి ప్రాణం. కొన్నవాడే బిగించుకోవాలి. అతను టంకం వేయడం అప్పుడే నేర్చుకుంటూ ఉండొచ్చు. అలాంటి చేతుల్లో పెట్టినా 35 వాట్లు శుభ్రంగా రావాలి. కాబట్టి పొరపాటుకి తావున్న భాగాన్ని, అంటే డ్రైవర్ బోర్డుని, ఫ్యాక్టరీలోనే తయారుచేసి పంపేవారు. మిగిలిన వైరింగ్‌కి పుస్తకంలో ఒక్కో తీగకి ఒక్కో వాక్యం. ఏ సాకెట్లో ఎన్నో పిన్ను నుంచి ఎక్కడికి వెళ్లాలో స్పష్టంగా ఉంటుంది. టంకం వేయాల్సిన చోట మాత్రమే బ్రాకెట్లో ‘ఎస్’ అనే అక్షరం కనిపిస్తుంది. ఒక పిన్నుకి మూడు తీగలు రావాలంటే మూడోది వచ్చేదాకా ఆ అక్షరం రాదు. ముందు తీగని పిన్నుకి మెలిపెట్టి గట్టిగా పట్టించాలి, అన్నీ చేరాక ఒక్కసారే టంకం. అరవై ఏళ్ల తర్వాత విప్పి మళ్లీ కట్టేవాడికీ ఇంతకన్నా మంచి పద్ధతి లేదు.

సర్క్యూట్ చూస్తే ఆశ్చర్యమేస్తుంది, అంత తక్కువ సరంజామా. ఒక్కో ఛానల్‌కి ముందు ఒక 7199 వాల్వు, వెనక రెండు ఈఎల్34లు. రెండు ఛానల్స్‌కీ కరెంటు సర్దే రెక్టిఫయర్ వాల్వు ఒకటే, జీజెడ్34. 7199 గాజు బుడ్డిలో రెండు వాల్వులు ఇమిడి ఉంటాయి. అందులోని పెంటోడ్ సిగ్నల్‌ని పెంచుతుంది, ట్రయోడ్ దాన్ని రెండుగా విడదీస్తుంది. ఈ విడదీసే పని నాకు మహా ఇష్టం. ట్రయోడ్‌కి పైన ప్లేటు వైపు 47 కిలో ఓమ్‌ల రెసిస్టర్, కింద కాథోడ్ వైపు కూడా 47 కిలో ఓమ్‌లే. రెండింటిలోనూ పారేది ఒకే కరెంటు. కాబట్టి పైన వోల్టేజి ఎంత తగ్గితే కింద అంతే పెరుగుతుంది. పుష్-పుల్‌కి కావలసిన రెండు ఎదురుబొదురు సిగ్నల్స్ ఏ సర్దుబాటూ అక్కర్లేకుండా వచ్చేస్తాయి. పాత కార్బన్ రెసిస్టర్లు ఏళ్లు గడిచేకొద్దీ విలువ మారతాయి, అదీ ఒక్కోటి ఒక్కో తీరున. పైది 47, కిందది 52 అయితే ఈ సమతూకం చెడుతుంది. మనసుపెట్టి చేసేవాడు ఒక శాతం మెటల్ ఫిల్మ్ రెసిస్టర్లు తెచ్చి, వాటిలోనూ మీటరుతో కొలిచి జత కలిసినవి ఏరి వేస్తాడు. ఖర్చు కొన్ని రూపాయలే. చెవికి నేరుగా వినపడే తేడా కాకపోవచ్చు. అయినా ఆ ఏరడంలోనే మనిషి పనితీరు తెలుస్తుంది.

వెనక భాగంలో ఉన్నది అల్ట్రాలీనియర్ పద్ధతి. హాఫ్లర్, హెర్బర్ట్ కెరోస్ కలిసి 1951లో దాన్ని ప్రచారంలోకి తెచ్చారు. అలాంటి ఆలోచనకే ఇంగ్లండ్‌లో ఆలన్ బ్లూమ్‌లైన్ 1930లలో పేటెంటు తీసుకున్నాడు. అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ చుట్టు మధ్యలో ఒక కొస తీసి, వాల్వు స్క్రీన్‌కి కలుపుతారు. పెంటోడ్‌కి ఉండే బలం చాలావరకు మిగులుతుంది, ట్రయోడ్‌కి ఉండే నెమ్మదితనం కొంత వస్తుంది. ఇదంతా ఆ ట్రాన్స్‌ఫార్మర్ నాణ్యత మీదే నిలబడింది. రెండు చివర్లలో నల్లటి దిమ్మల్లా కూర్చున్న ఏ-470 ట్రాన్స్‌ఫార్మర్లే ఈ ఆంప్లిఫయర్‌కి ఆస్తి.

వయసు మీద పడినప్పుడు ఆ ఆస్తికి ముప్పు తెచ్చేవి చిన్న చిన్న భాగాలు. ఈఎల్34 గ్రిడ్‌కి 30 పైచిలుకు వోల్ట్ల మైనస్ బయాస్ ఉండాలి. దాన్ని తయారుచేసేది పాతకాలపు సెలీనియం రెక్టిఫయర్. అది నీరసిస్తే బయాస్ తగ్గుతుంది. 0.1 మైక్రోఫారడ్ కప్లింగ్ కెపాసిటర్లు లీకైతే ప్లస్ వోల్టేజి గ్రిడ్ మీదకి జారి మళ్లీ బయాస్‌నే తినేస్తుంది. ఎటునుంచి వచ్చినా ఫలితం ఒకటే. వాల్వులో కరెంటు హద్దు దాటుతుంది, ప్లేటు ఎర్రగా కాలుతుంది, చూడకుండా వదిలేస్తే ట్రాన్స్‌ఫార్మర్ చుట్టు మాడుతుంది. అందుకని సెలీనియం తీసి సిలికాన్ డయోడ్ వేయడం, కప్లింగ్ కెపాసిటర్లు మార్చడం ముందు చేయాల్సిన పనులు. తర్వాతది నాలుగు కెపాసిటర్లు ఒకే అల్యూమినియం డబ్బాలో ఉన్న భాగం: ఒకటి 30 మైక్రోఫారడ్లు, మూడు 20లు. ఏ కాలు దేనిదో చెప్పడానికి అర్ధచంద్రం, చదరం, త్రికోణం గుర్తులు కోసి ఉంటాయి. అవి చూసుకోకుండా తీగలు విప్పకూడదు.

అప్‌గ్రేడ్ దగ్గరే మనుషుల తీరు బయటపడుతుంది. కెపాసిటర్ ఎంత పెద్దదైతే అంత మంచిదనుకుని రెక్టిఫయర్ పక్కనే వంద మైక్రోఫారడ్లు తగిలించేవాళ్లున్నారు. జీజెడ్34కి తయారీదారులు పెట్టిన హద్దు 60. అది దాటితే ప్రతి అర సైకిల్‌కీ వాల్వు మీద కరెంటు దెబ్బ పడి ఆయుష్షు తరుగుతుంది. పెంచదలిస్తే చోక్ అనే తీగచుట్ట దాటాక పెంచాలి. తెలిసి చేసినవాడి పని అక్కడే కనిపిస్తుంది. మొదటి సెక్షన్ పాత విలువ దగ్గరే ఉంటుంది, వెనకవి పెరిగి ఉంటాయి. 7199 ఇప్పుడు దొరకడం కష్టం, ధరా ఎక్కువే. డ్రైవర్ బోర్డు వేడికి నల్లబడి, రాగి గీతలు లేచిపోయి ఉంటే సులభంగా దొరికే వాల్వులతో కొత్త బోర్డు వేయడం న్యాయమే. బోర్డు బాగుంటే మాత్రం పాత సర్క్యూట్‌నే ఉంచాలన్నది నా అభిప్రాయం. రెండు కొసల పవర్ కార్డు తీసి ఎర్త్ ఉన్న మూడు కొసల కార్డు వేయడంలో మాత్రం రెండో మాట లేదు.

ఈ పనంతటిలో చేతికి గుర్తుండాల్సింది ఒకటుంది. లోపల 400 పైచిలుకు వోల్ట్ల డీసీ ఉంటుంది, ప్లగ్ పీకినా కెపాసిటర్లలో నిలిచిపోవచ్చు. రెసిస్టర్‌తో డిశ్చార్జి చేసి, మీటరు సున్నా చూపించాకే వేలు పెట్టాలి. మొదటిసారి కరెంటు ఇచ్చేటప్పుడు మన రేడియో మెకానిక్కుల పాత అలవాటు ఇక్కడా పనికొస్తుంది: సీరీస్‌లో ఒక బల్బు. లోపల ఎక్కడైనా షార్టుంటే బల్బు భగ్గుమని వెలిగి ఆ సంగతి చెబుతుంది, ట్రాన్స్‌ఫార్మర్ క్షేమంగా ఉంటుంది. అప్పట్లో 117 వోల్ట్లకి చేసిన యంత్రం ఇది. ఇప్పుడు అమెరికా ఇళ్లలో 122 వస్తే 6.3 వోల్ట్ల హీటర్‌కి 6.6 దాకా వెళుతుంది. అదీ లెక్కలోకి తీసుకోవాలి.

ఆఖరున బయాస్. డైనాకో చేసిన ఏర్పాటు చూడండి. ఛానల్‌లోని రెండు ఈఎల్34ల కాథోడ్లకీ కలిపి 15.6 ఓమ్‌ల రెసిస్టర్ ఒకటే. ముందున్న సాకెట్లో మీటరు పెట్టి 1.56 వోల్ట్లు వచ్చేదాకా బయాస్ కంట్రోల్‌ని తిప్పాలి, అంటే మొత్తం వంద మిల్లీఆంపియర్లు. కొత్త టార్చిలైటు సెల్లూ ఇంచుమించు అంతే చూపిస్తుంది కాబట్టి, మీటరు సరిగ్గా ఉందో లేదో ముందు దాంతో సరిచూసుకోవచ్చు. ఖరీదైన పరికరాలేవీ లేని ఇంటికి ఇంతకన్నా మర్యాదగా కొలత అప్పజెప్పడం నేనెక్కడా చూడలేదు. లోపం ఒక్కటే: జతలో ఒక వాల్వు అరవై లాగి మరొకటి నలభైతో సరిపెట్టినా మీటరు తెలియజేయదు. ఇప్పుడు ఇంట్లో కట్టేవాళ్లు ఒక్కో వాల్వుకి విడిగా పది ఓమ్‌ల రెసిస్టర్, విడి బయాస్ పెట్టుకుంటున్నారు. 0.4 వోల్ట్లు చూపిస్తే 40 మిల్లీఆంపియర్లు. వాల్వు వేడెక్కి కుదురుకున్నాక మరోసారి చూసి సరిచేయాలి.

ఇంత చేశాక ఏ-470 మాడిపోయి కనపడ్డా నిరాశపడక్కర్లేదు. పాత నమూనాకే కొత్తవి చుట్టి అమ్మేవాళ్లున్నారు. అవే కొలతలకి, అవే రంధ్రాలతో ఛాసిస్‌లూ దొరుకుతున్నాయి. మన 230 వోల్ట్లకి పవర్ ట్రాన్స్‌ఫార్మర్ చుట్టించుకుంటే హైదరాబాదులోనో విజయవాడలోనో స్టెప్‌డౌన్ లేకుండానే, ఆనాటి పుస్తకం పక్కన పెట్టుకుని, మొదటి తీగ నుంచి కట్టుకోవచ్చు.