ఎడమకే తిరిగే రింగు

పాతకాలపు పోకడతో వచ్చే డైవ్ వాచీ కొన్నవాళ్లు సైజు గురించీ బెల్టు గురించీ ఎంతైనా వాదించుకుంటారు. ట్యూడర్ బ్లాక్ బే ఫిఫ్టీ ఎయిట్ చూడండి: 39 మిల్లీమీటర్ల కేసు చాలామందికి ముద్దొస్తుంది, గొలుసు మీది ఉత్తుత్తి రివెట్లు చూస్తే కొందరికి ఒళ్లు మంట. (నేనూ ఆ కొందరిలోనే.) నా మనసు దోచింది మాత్రం డయల్ చుట్టూ ఉండే రింగు. దాని మీది త్రికోణాన్ని నిమిషాల ముల్లుకు ఎదురుగా పెడితే చాలు, అక్కణ్ణుంచి ముల్లు ఏ అంకె దగ్గరుంటే అన్ని నిమిషాలు గడిచినట్టు. చుట్టంతా 60 టిక్కులు, టిక్కుకో నిమిషం. ఎంత తిప్పినా ఎడమకే తిరుగుతుంది, కుడికి కదలదు. నీళ్లలో ఏ రాయికో తగిలి జరిగినా గడిచిన సమయం ఎక్కువే చూపిస్తుంది గానీ తక్కువ చూపించదు. ఈతగాడు సిలిండర్‌లో ఇంకా గాలి ఉండగానే పైకి వచ్చేస్తాడు. 200 మీటర్ల లోతుకని చేసిన వాచీ మా ఇంట్లో కుక్కర్ దగ్గర కాపలా కాస్తోంది. అంచుకు గాట్లున్నాయి కదా, పిండి చేత్తో పట్టుకున్నా జారదు. టిక్, టిక్, టిక్. పప్పుకి పన్నెండు నిమిషాలు.